సత్యభామను అమ్మే కాగితం

ఎల్బీనగర్‌కు రానిదంటూ లేదు. సూర్యాపేట బస్సు వస్తుంది, ఖమ్మం బస్సు వస్తుంది, మిర్చి లారీలూ పెళ్ళి వ్యాన్లూ వస్తాయి. ఆఖరికి మెట్రో కూడా అక్కడికే వచ్చి ఆగిపోయింది. కానీ లాంచీ రావడం మాత్రం ఎవరూ ఎరగరు. ఆ శుక్రవారం పొద్దున సాగర్ రింగురోడ్డు మలుపులో, ట్రైలరెక్కి నలభై అడుగుల లాంచీ ఒకటి వచ్చి నిలబడేసరికి ఆఫీసులకు పోయేవాళ్ళు బండ్లు ఆపి ఫోన్లు తీశారు. ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు.

ఇంజను దించేసి, ఫ్లైఓవర్ కింద పట్టదని పై కప్పు కూడా సాగర్‌లోనే కోసేశారు. అందుకని ఆ లాంచీ తిరుపతిలో గుండు కొట్టించుకుని వచ్చిన మనిషిలా ఉంది. ముక్కు మీద మాత్రం ‘సత్యభామ’ అన్న అక్షరాలు ఎర్రగా, పొగరుగా అలాగే ఉన్నాయి.

అది చేరాల్సిన చోటు ఆటోనగర్‌లో సిద్ధిరాములు షెడ్డు. సిద్ధిరాములుకు అరవై తొమ్మిదేళ్ళు. పోచంపల్లిలో మగ్గాల ఇంట్లో పుట్టి, పద్దెనిమిదో ఏట మగ్గం దిగి వెల్డింగు రాడ్డు పట్టుకున్నాడు. లారీలకూ బస్సులకూ బాడీలు కట్టడం ఆయన పని. చదివింది మూడో తరగతి. సంతకం పెట్టడం వచ్చు గానీ, ఆ అయిదక్షరాలకు ఆయన తీసుకునే టైములో ఇంకొకరు ఛాయ్ తాగి గ్లాసు కడిగి బోర్లించొచ్చు.

లాంచీ యజమాని భానుమూర్తి. భీమవరం దగ్గర్నించి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో టూరిస్టు ఆఫీసు పెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. ఎల్బీనగర్‌లో జనాన్ని బస్సెక్కించుకోవడం, సాగర్ తీసుకెళ్ళి లాంచీలో నీళ్ళ మీద తిప్పడం, పులిహోర పెట్టడం, పొద్దుగూకేలోపు మళ్ళీ తెచ్చి దించడం, ఇదీ ఆయన వ్యాపారం. రెండు లాంచీలుండేవి. ఒకటి నిరుడు తుక్కుకు పోయింది. మిగిలింది సత్యభామ. దీన్ని బాగుచేయించి నడుపుకోవాలా, లేక దీన్నీ తుక్కుకు తోలి కొత్త ఫైబరు బోటు కొనాలా అన్నది ఇప్పుడు తేలాలి. ఆఫీసు చూసుకునే మేనల్లుడు చంటి అమ్మేద్దామంటున్నాడు. రేకు మందం కొలిచే మీటరు పెట్టి చూసిన ఇంజనీరు, అడుగు రేకు సగానికి సగం అరిగిపోయిందని రిపోర్టు రాసిచ్చాడు. అయినా భానుమూర్తికి మనసొప్పలేదు. దాని పొట్టకు మూడుసార్లు రేకులు వేసినవాడు సిద్ధిరాములు. “సిద్ధిరాములు చూసి, పనికిరాదని సంతకం పెడితే అమ్ముతా” అన్నాడు.

అందుకే ట్రైలరు వెనకాలే చంటి కారు కూడా వచ్చి షెడ్డు ముందు ఆగింది. లాంచీని దించి దుంగల మీద కూర్చోబెట్టేదాకా ఆగి, చంటి ప్లాస్టిక్ ఫైలులోంచి ఒక కాగితం తీశాడు.

“మేస్త్రిగారూ, పెద్ద పనేం లేదండి. ఇదిగో, ఈ గీత మీద ఒక సంతకం. మీరు పెట్టేస్తే రేపు పదింటికల్లా తుక్కోళ్ళ క్రేను వచ్చి పట్టుకుపోద్ది.”

“ఏం రాసిన్రు బాబూ గిండ్ల?”

“మామూలేనండి. అడుగు భాగం పూర్తిగా పుచ్చిపోయినది, మరమ్మతుకు పనికిరాదు అని.”

“నేను జూసిన్నా?”

“ఏంటండీ?”

“నేను జూసిన్నా అని అడుగుతున్న. నా పేరు మీద నువ్వే రాసుకొచ్చినవు. నేనింక దాని కిందికి వంగనే వంగలే.”

చంటి నవ్వాడు. “వంగండి, ఎవరొద్దన్నారు? కానీ మీటరు అబద్ధం చెప్పదు కదండీ.”

సిద్ధిరాములు చిన్న సుత్తె తీసుకుని లాంచీ కిందికి దూరాడు. వెనక నుంచి మొదలుపెట్టి, జానెడు జానెడుకూ ఒక్కో దెబ్బ కొట్టుకుంటూ, కొట్టినప్పుడల్లా చెవి దగ్గర పెట్టి వింటూ, మోకాళ్ళ మీద జరిగాడు. రేకు గట్టిగా ఉంటే గంటలా మోగుతుంది. పుచ్చితే అట్టపెట్టెను కొట్టినట్టుంటుంది. గంటసేపు పట్టింది. ముక్కు దగ్గరికి వచ్చేసరికి చప్పుడు మారింది. అటు గంటా కాదు, ఇటు అట్టా కాదు. రెండు గొంతులు కలిసి మాట్లాడినట్టు ఉంది.

అక్కడే ఆగి, సుత్తె పక్కన పెట్టి, నుదురు కొట్టుకున్నాడు.

పదకొండేళ్ళ కిందటి మాట. జనం దిగడానికి లాంచీ ముక్కును రాతి మెట్ల మీదికి ఎక్కించేవాళ్ళు. రోజూ రాయి రాసుకుని ముక్కు అరుగుతుందని, సిద్ధిరాములే ఒడ్డున కూర్చుని, అసలు రేకు మీద ఇంకో పలచటి రేకు తొడిగాడు. అరిగితే ఆ పైది అరగాలి, లోపలిది అరగకూడదు. మీటరు మాట మొదటి రేకు దాకే పోతుంది. దాని వెనక సందు వస్తే అక్కడే ఆగిపోతుంది.

బయటికి వచ్చి బట్టలు దులుపుకుంటూ అడిగాడు. “మీటరు సారు యాడ పెట్టి చూసిండు బాబూ?”

“ముందు వైపేనండి. మిగతాదంతా నీళ్ళల్లో ఉంది కదా. ముక్కు ఒడ్డుకెక్కించి ఆరు చోట్ల పెట్టారు.”

“ఆరు గూడ అంగి మీదనే పెట్టిండు. గా సారు మనిషిని చూడలే, అంగిని జూసి మనిషి బక్కగున్నడని రాసిపోయిండు.” తొడిగిన రేకు సంగతి చెప్పాడు.

“మరి ఆ సంగతి ఏ రికార్డులోనూ లేదేంటండీ?”

“లేదు. నేను సుద్దముక్కతోని గీసుకుంట, పనైనంక చెరిపేస్త. ఎవరికీ చెప్పలే, ఎవరితోని రాయించలే. అది నా తప్పే.”

“చూశారా!” అని చంటి గొంతు తగ్గించి దగ్గరికి వచ్చాడు. “మేస్త్రిగారూ, నా మాట వినండి. కొత్త బోటు వస్తే పై పనంతా మీకే. సీట్లు, రెయిలింగు, ఏసీ గొట్టాలు, సెల్ఫీ డెక్కు. మీ షెడ్డుకి ఏడాది పని. జనం మారిపోయారండి. మొన్నొకావిడ మా లాంచీ గురించి నెట్లో ఏం రాసిందో తెలుసా? మా తాతగారి ట్రంకు పెట్టెలో కూర్చోబెట్టి తిప్పారు అని.”

“ఆమె రాసింది సీటు గురించి. నువ్వు అమ్ముతున్నది అడుగును.”

“అంటే సంతకం పెట్టరా?”

సిద్ధిరాములు చంటి చాచిన పెన్ను అందుకుని, మూత పెట్టి, అతని జేబులో తనే గుచ్చాడు. “పెట్ట.”

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి పోయేసరికి కబురు ఆయనకన్నా ముందే ఇల్లు చేరింది. షెడ్డులో పనోళ్ళెవరో ఫోన్ చేసినట్టున్నారు. భార్య లలితమ్మ కంచంలో పప్పుచారు పోస్తూనే అందుకుంది.

“ఏడాది పని కాళ్ళకాడికి ఒస్తె తన్నినవంట?”

“అది పుచ్చలేదే.”

“పుచ్చకుంటె నీకేంది? వాళ్ళ పడవ. అమ్ముకుంటరు, కాలవెట్టుకుంటరు.”

“అమ్ముకొమ్మను. నేనొద్దన్ననా? పాతదైంది, మా కంటికి ఆనుతలేదు, అమ్ముతున్నం అని రాసుకొమ్మను. పుచ్చిందని నాతోని ఎందుకు రాయిస్తడు? మూడుసార్లు నా చేతులతోని చేసిన. నా చెయ్యి పుచ్చిందని నేనే రాసియ్యాల్నా?”

లలితమ్మ గరిటె పక్కన పెట్టింది. “సరే, ఒకటి చెప్పు. అది నిజంగ పుచ్చి ఉంటె? నలభై మంది ఎక్కుతరు, పిల్లలు ఎక్కుతరు. సుత్తె చెప్పిందని ఎక్కిస్తవా? నేను వంటింట్లకెళ్ళి పిలిస్తె ఇనబడది నీకు. గా చెవులతోని రేకు మాట ఇన్నవా?”

సిద్ధిరాములు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. చంటి అన్నదేదీ తగల్లేదు గానీ ఇది తగిలింది. నిజమే, కుడి చెవి రెండేళ్ళుగా మందగించింది. వెనక భాగంలో ఒకచోట గంట సరిగ్గా మోగిందా, తనే మోగిందనుకున్నాడా? గుర్తు తెచ్చుకుంటే అనుమానం పెరిగింది తప్ప తరగలేదు.

“ఇంకింత పెట్టనా?” అంది లలితమ్మ, కొంచెం మెత్తబడి.

“ఒద్దు. దిల్‌సుఖ్‌నగర్ పోయొస్త.”

మెట్రోలో మూడే స్టేషన్లు. భానుమూర్తి ఆఫీసు ఒక కోచింగ్ సెంటరు పై అంతస్తులో ఉంది. మెట్ల నిండా పుస్తకాల సంచులు తగిలించుకున్న పిల్లలు. వాళ్ళను తప్పించుకుంటూ సిద్ధిరాములు పైకెక్కేసరికి, భానుమూర్తి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఏదో సంతకాలు చేస్తున్నాడు. చంటి ఎదురుగానే ఉన్నాడు. సంగతంతా అప్పటికే చెప్పేసినట్టు మొహం మీదే ఉంది.

“రావయ్యా మొండిఘటం. కూర్చో” అన్నాడు భానుమూర్తి. “ఏవంటావిప్పుడు?”

“తూట్లు కొడ్దాం సారూ.”

“దేనికి?”

“పడవకు. పది తూట్లు.”

భానుమూర్తి కళ్ళద్దాలు ముక్కు మీదికి జారాయి. “పడవకి చిల్లులు పెడతానంటావేంటయ్యా? మతుండే మాట్లాడుతున్నావా?”

“చంటిబాబు మీటరు మాట నమ్ముతుండు. నేను సుత్తె మాట నమ్ముతున్న. మా ఇద్దర్నీ నమ్మకున్రి. డ్రిల్లు పెట్టి తూటు కొడితె రేకు ఎంత మందమున్నదో కండ్లకు కనబడ్తది. చూసినంక తూటు మూసేద్దాం. ఎక్కడ కొట్టాల్నో నేను చెప్ప, చంటిబాబునే గీతలు గియ్యమను.”

చంటి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “ఒక్కచోట పోయినా అమ్మేద్దాం. ఒప్పుకుంటారా?”

“ఒప్పుకోను. పోయినకాడ పోయిందని చెప్త, బాగున్నకాడ బాగున్నదని చెప్త. మా నాయిన మగ్గం మీద రోజుకు యాభై పోగులు తెగేటివి. తెగిన పోగును అతుక్కుంట నేసుకుంట పోయేటోడు. తెగిందని చీరంత కోసి పారేయలే.”

“చీర మునగదండి మేస్త్రిగారూ. లాంచీ మునుగుద్ది.”

 కింద కోచింగ్ సెంటర్లో మాస్టారు మైకులో ఏదో లెక్క చెబుతున్నాడు.

“గా మాట నిజం” అన్నాడు సిద్ధిరాములు నెమ్మదిగా. “అందుకే తూట్లు కొడ్దామంటున్న.”

భానుమూర్తి సంతకాల కాగితాలు పక్కకు నెట్టి, “రేపు తొమ్మిదింటికి నేనే వస్తా” అన్నాడు.

శనివారం తొమ్మిదింటికి ఆయన వచ్చేసరికి చంటి ఎర్ర పెన్సిలుతో లాంచీ ఒంటి మీద ఎనిమిది గుర్తులు పెట్టేశాడు. ఇంకో రెండు చివర్లో చూసుకుని పెడతానన్నాడు. పక్క షెడ్ల వాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని చుట్టూ చేరారు. సిద్ధిరాములు ఒక మేకును కొనదగ్గర వంచి జేబులో వేసుకున్నాడు. తూటు పడ్డాక ఆ కొక్కేన్ని లోపలికి పోనిచ్చి వెనకంచుకు తగిలించి, మేకు మీద బొటనవేలి గోరుతో గుర్తు పట్టి బయటికి లాగితే రేకు మందం తెలిసిపోతుంది.

మొదటిది ముక్కు మీదే. డ్రిల్లు కీచుమంటూ దిగింది. ఇంతలో ఒక్క కుదుపు. పై రేకు దాటింది. మళ్ళీ ఇనుము తగిలి, ఇంకాసేపు కీచుమని, రెండోదీ దాటింది. మేకు బయటికి తీసి భానుమూర్తి అరచేతిలో పెట్టాడు.

“పైది మూడు మిల్లీమీటర్లు, లోపలిది ఆరుకు జర తక్కువ. కొత్తల ఆరే ఉండె. చూస్కోన్రి.”

చంటి కూడా స్కేలు పెట్టి చూసుకున్నాడు. రెండోది, మూడోది, నాలుగోది. కుడి పక్క, ఎడమ పక్క. ఎనిమిదీ అయ్యాయి. ఎక్కడా అయిదున్నరకు తగ్గలేదు. టీ గ్లాసుల వాళ్ళలో ఒకడు ఈల వేశాడు.

“ఇంక చాలయ్యా” అన్నాడు భానుమూర్తి. మొహం విప్పారింది. “గెలిచావు పో.”

“పది అన్న సారూ. ఎనిమిదే అయినయ్.” సిద్ధిరాములు చంటి చేతిలోంచి ఎర్ర పెన్సిలు తీసుకుని వెనక్కి నడిచాడు. ఇంజను కూర్చునే చోటు కింద, నిన్న అనుమానం వచ్చిన దగ్గర, తనే రెండు గుర్తులు పెట్టాడు. “లోపల ఈడ నూనె, నీళ్ళు కల్సి నిలవుంటయ్. నేనెన్నడూ ముట్టుకోని జాగ ఇదే.”

“నీకెందుకయ్యా లేనిపోనిది!” అని భానుమూర్తి అంటూనే ఉన్నాడు. సిద్ధిరాములు డ్రిల్లు పెట్టాడు.

కీచుమనలేదు. తడిసిన అట్టలోకి దిగినట్టు ఒక్క క్షణంలో మెత్తగా దిగిపోయింది. తూటులోంచి ఎర్రటి తుప్పునీళ్ళు ధారకట్టి సిద్ధిరాములు మోచేతి మీదుగా చొక్కాలోకి కారాయి. పక్కనున్న రెండోదీ అంతే.

సరిగ్గా అప్పుడే క్రేను వచ్చి షెడ్డు ముందు హారన్ కొట్టింది.

“మీ సత్యభామ ఏడుస్తోందండి మేస్త్రిగారూ” అన్నాడు చంటి. గొంతులో ఎగతాళి ఉంది గానీ, ఊపిరి పీల్చుకున్న చప్పుడు కూడా ఉంది. “మావయ్యా, క్రేను వచ్చేసింది. ఇంకా చూసేదేవుంది?”

సిద్ధిరాములు చెవిలో అదేమీ పడలేదు. పడినా పట్టించుకోలేదు. ఆ తూటుకు బెత్తెడు దూరంలో ఇంకోటి కొట్టాడు. మెత్తన. ఇంకో బెత్తెడు. మెత్తన. ఇంకోటి. డ్రిల్లు కీచుమంది. అక్కడ సుద్దముక్కతో గీత గీసి అటువైపు తిరిగాడు. అలా నాలుగు దిక్కులా గట్టి రేకు తగిలేదాకా కొట్టుకుంటూ పోయి, గీతలు కలిపి, పైకి లేచాడు. నడుం పట్టేసి సగమే లేచాడు.

“గింత పోయింది. ఒక నవారు మంచమంత. మిగిలిందంత మంచిగున్నది.”

భానుమూర్తి ఆ సుద్దగీతల వైపు చూస్తూ అడిగాడు. “ఇది మార్చేస్తే ఇక ఏ ఢోకా లేదని రాసి సంతకం పెడతావా?”

“పెట్ట.”

“ఓరి నీ! అమ్మడానికీ పెట్టవు, నడపడానికీ పెట్టవు. ఏం మనిషివయ్యా నువ్వు?”

“నలభై మంది పానాలు సారూ, ఎట్ల పెడ్త? ఈ ముక్క కోసి కొత్తది అతికి, మల్ల తూట్లు కొట్టి చూసి, మూసి, నీళ్ళల్ల దింపి మూడు దినాలు ఖాళీగ తిప్పాలె. లోపల చుక్క నీరు కనబడకుంటె గప్పుడు పెడ్త. ఇయ్యాల నాకు తెలిసింది ఒక్కటే. ఇది మొత్తం పుచ్చలే. మంచమంత పుచ్చింది. గది రాసుకురాన్రి, నిలబడ్డకాడ్నే పెడ్త. గంతకన్న ఒక్క అక్షరం ఎక్కువున్నా పెట్ట, తక్కువున్నా పెట్ట.”

బయట క్రేను వాడు మళ్ళీ హారన్ కొట్టాడు. చంటి, “ఒక్క నిమిషం భయ్యా!” అని కేకేసి మామయ్య వైపు తిరిగాడు. భానుమూర్తి అతన్ని చూడటం లేదు. ముక్కు దగ్గరికి నడిచి, మొదటి తూటులో చిటికెన వేలు పెట్టి నిలబడ్డాడు.

“సిద్ధిరాములూ, తుక్కుకు పోయిన మా రెండోదానికి కూడా ఇలాగే రేకు తొడిగావా?”

సిద్ధిరాములు తల వంచాడు. “తొడిగిన సారూ. రెంటికీ ఒక్క వారంల్నే తొడిగిన.”

“చంటీ, నిరుడు దానికి మీటరెక్కడ పెట్టారు?”

చంటి ఫైలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. “ముందు వైపే మావయ్యా. కానీ అది... దాని ఇంజను కూడా...”

“ఇంజను సంగతి నేనడిగానా?”

  ఆ లాంచీ ఇప్పుడు ఎక్కడ ఏ ఇనుప చువ్వలుగా మారిపోయిందో ఎవరికి తెలుసు! భానుమూర్తి వేలు బయటికి తీసి, దానికంటిన ఇనుప రజను పంచెకు తుడుచుకున్నాడు.

“ఆ క్రేనతనికి రానూపోనూ బాడుగ ఇచ్చి పంపించెయ్యరా. ఆ కాగితంలో ఉన్నది కొట్టేసి ఈయన చెప్పింది రాయి. మంచమంత అనే రాయి.”

“మావయ్యా, ఒక్కమాట. జనం ఎక్కరు. మీరెంత బాగుచేసినా ట్రంకు పెట్టెలో జనం కూర్చోరు.”

దానికి సిద్ధిరాములే జవాబు చెప్పాడు. “కూసోరు. నువ్వన్నది నిజమే బాబూ. పైన నీ ఇష్టం. గాజు పెట్టమంటె గాజు పెడ్త, ఏసీ పెడ్త, గా సెల్ఫీ డెక్కు గూడ పెడ్త. నిలబడి ఫొటో దిగుతరో, పండుకుని దిగుతరో దిగమను. అడుగు జోలికి మాత్రం రాకు.”

చంటికి నవ్వు రాబోయి ఆగింది. “సీజను అయ్యేదాకా చూస్తానండి. సీట్లు నిండకపోతే మళ్ళీ ఇదే కాగితం పట్టుకొస్తా.”

“తే. పెన్ను గూడ తెచ్చుకో. గప్పుడు గూడ తూట్లు కొట్టినంకనే పెడ్త.”

చంటి కారు బానెట్ మీద పెట్టుకుని కాగితం తిరగరాశాడు. సిద్ధిరాములు పక్కవాడితో రెండుసార్లు చదివించుకుని, బానెట్ మీదికి వంగి, ఒక్కో అక్షరాన్నీ రేకు అతికినట్టు అతికాడు. ఎవరూ తొందరపెట్టలేదు. ఈలోపు క్రేను వెనక్కి తిరిగి, వనస్థలిపురం వైపు నుంచి వచ్చే ఆటోలన్నిటినీ ఆపేసి, తిట్లు తింటూ రోడ్డెక్కింది.

అప్పుడు సిద్ధిరాములు నిచ్చెన వేసుకుని లాంచీలోకి దిగి, కళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని, గ్యాసు టార్చి వెలిగించాడు. కింద కనిపించే తూట్ల వెంబడే కోత పెట్టాడు. పుచ్చిన రేకు ఎర్రబడి, కరిగి, నాలుగు అంచులూ విడిచి, దభీమని కింద పడింది. సత్యభామ పొట్టలో మంచమంత వెలుతురు పడింది. ఆ వెలుతురులోకి కింద నుంచి ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు తల పెట్టి పైకి చూశాడు. భుజం మీద గోనెసంచి ఉంది.

“తాతా, తుక్కేనా? ఎంతకిస్తవ్ చెప్పు, ఇప్పుడే బండి తెస్త.”

సిద్ధిరాములు నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టి వాడి వైపు వంగాడు.

“అమ్మేది గాదు బిడ్డా, ఎక్కేది. జర అటు జరుగు, నిప్పులు పడ్తున్నయ్.”